మా వీధిని తగలబెట్టేసిన నవల

నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టిన పుస్తకం పేరు నాకు ఇప్పటికీ తెలీదు. రాసినాయన ఎవరో కూడా తెలీదు. నా చేతికొచ్చేసరికే దానికి అట్ట లేదు, మొదటి 16 పేజీలు లేవు, పైన ఏదో కేలండర్ కాగితం తిరగేసి మైదాపిండితో అంటించి దాని మీద స్కెచ్ పెన్నుతో 417 అని నంబరు వేసి ఉంది, అంతే. కాబట్టి మాకు దాని పేరు నాలుగొందల పదిహేడు. ఇంట్లో అందరం అలాగే పిలిచేవాళ్ళం. "మళ్ళీ ఆ నాలుగొందల పదిహేడేనా, లెక్కలేవైనా చేసుకోవచ్చు కదా" అని అమ్మ.

మాది వైజాగ్. వైజాగ్ అనగానే ఇప్పుడందరూ రుషికొండ, బీచ్ రోడ్డు, డ్రోన్ షాట్లు అంటారు గానీ మాది వన్ టౌన్, పాత పోస్టాఫీసు దగ్గర. ఇల్లు పాతది, వీధి ఇరుకు, గాలి ఎటు తిరిగితే అటు వాసన, ఒకసారి ఎండుచేపలు ఒకసారి డీజిలు. మా వీధి చివర రెండిళ్ళ మధ్య సందుకి పైన రేకు వేసి ఒకాయన అద్దె పుస్తకాల కొట్టు పెట్టుకున్నాడు. ఆయన ఎక్కడా పాఠాలు చెప్పలేదు గానీ వైజాగ్‌లో అందరూ అందరికీ మాస్టారే కాబట్టి ఆయనా మాస్టారే. పాకెట్ నవలకి రోజుకి పావలా, పెద్ద నవలకి అర్ధరూపాయి, డిపాజిట్ 10 రూపాయలు. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు వీపు పట్టుకుని కోడిపిల్లని దులిపినట్టు ఒకసారి దులిపేవాడు, ఏదైనా పేజీ రాలిపడితే డిపాజిట్‌లోంచి రూపాయి కట్. పేజీ ముందే ఊడిపోయి ఉందండీ అన్నా వినేవాడు కాదు. అందుకని మేం ఊడిపోయేలా ఉన్న పేజీలన్నీ అన్నం మెతుకులతో అంటించి మరీ ఇచ్చేవాళ్ళం, అలా ఆ కొట్లో సగం పుస్తకాలు మా ఇంటి అన్నంతోనే నిలబడ్డాయి.

అది 1989 వేసవి. ఏడో క్లాసు పరీక్షలు అయిపోయాయి, నాకు పన్నెండేళ్ళు. అప్పటిదాకా నేను చదివిన డిటెక్టివ్ నవలల్లో అసలు కథంతా బొంబాయిలోనో హాంకాంగ్‌లోనో జరిగేది. హీరో తెలుగువాడే, పేరు తెలుగు పేరే, కానీ ఉండేది ఫైవ్ స్టార్ హోటల్లో, పట్టుకునేది స్మగ్లర్లని. మన ఊళ్ళో ఏదైనా జరుగుతుందని ఎవరూ అనుకునేవాళ్ళు కాదు, అసలు కథలో పడేంత గొప్ప ఊరా ఇది అని నాకూ ఉండేది. 417 తెరిస్తే మొదటి పేజీ 17, ఆ పేజీలో మొట్టమొదటి పదం "ఆరిపోయింది". ఏదో వాక్యం తోక. తర్వాత రెండు లైన్లు చదివాక అర్థమైంది, ఆరిపోయింది డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌస్ అని. మా లైట్‌హౌస్!

మీకు చెప్తే అర్థమవుతుందో లేదో, వేసవిలో మేం డాబా మీద పడుకునేవాళ్ళం, హార్బరుకి అవతల కొండ మీంచి ఆ వెలుగు వచ్చి వెళ్తూ ఉండేది, నిద్ర పట్టనప్పుడు రెండు వెలుగుల మధ్య అంకెలు లెక్కపెట్టుకుంటూ పడుకునేవాణ్ణి. అలాంటి లైట్‌హౌస్‌ని ఒకాయన ఒక్క పదంలో ఆర్పేశాడు. ఆ రోజు రాత్రి పడుకుని చూస్తున్నాను, వెలుగు వెళ్ళింది, ఇంక రాదేమో అని గుండె కొట్టుకుంటోంది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. తెల్లారుజామున ఎప్పుడో నిద్రపోయాను.

కథ 1999లో జరుగుతుంది, అంటే అప్పటికి ఇంకా పదేళ్ళుంది. పుస్తకం ఎప్పుడు అచ్చయిందో రాసిన పేజీ పోయింది గానీ 80ల మొదట్లో అయ్యుంటుంది. అందులో స్టీల్ ప్లాంటు పూర్తయిపోయి పొగ గొట్టాలు నిప్పులు కక్కుతుంటాయి, నేను చదివేనాటికి ఇంకా మొదటి బ్లాస్ట్ ఫర్నేసు కూడా వెలిగించలేదు. అది 1990లో వెలిగింది, దానికి గోదావరి అని పేరు పెట్టారు. శత్రుదేశం పేరు రచయిత ఎక్కడా చెప్పడు. "వాళ్ళు" అంటాడు, అంతే. వాళ్ళు సముద్రంలోంచి వచ్చారు. తెల్లారేసరికి హార్బరు నోట్లో మూడు ఓడలు. రేడియో మూగబోయింది. సాయంత్రానికి కలెక్టరాఫీసు మీద జెండా మారింది. ఎన్.ఏ.డి. కొత్త రోడ్డు దగ్గర ముళ్ళ కంచె, గాజువాక వాళ్ళు టౌన్‌లోకి రావాలంటే ఎర్ర కార్డు, టౌన్ వాళ్ళు సింహాచలం వెళ్ళాలంటే పచ్చ కార్డు. జగదాంబ సెంటర్‌లో లౌడ్ స్పీకరు, ఆరు దాటితే కర్ఫ్యూ. బడుల్లో ప్రార్థన గీతం మార్చేశారు. ఒక లెఫ్టినెంట్ మాత్రం దొరక్కుండా తప్పించుకుని జాలరిపేట వాళ్ళని కూడగట్టుకుని ఒక్కొక్క ఓడనీ పేల్చుకుంటూ వస్తాడు.

ఇప్పుడు ఆలోచిస్తే రచన ఏమంత గొప్పది కాదు. లెఫ్టినెంట్‌కి మూడుసార్లు బుల్లెట్ తగిలి మూడుసార్లూ అదే భుజానికి తగులుతుంది. ప్రతి నాలుగు పేజీలకీ ఒకడి కళ్ళు చింతనిప్పులవుతాయి. ఒక డాక్టరమ్మ ఉంటుంది, ఆవిడ చేసే పనల్లా కట్టు కట్టడం, కన్నీళ్ళు పెట్టుకోవడం. కానీ ఆయన కురుపాం మార్కెట్ అని రాశాడండీ. మా అమ్మ వంకాయలు పుచ్చులున్నాయని బేరమాడే చోట మెషిన్ గన్ పెట్టాడు. నేను పక్కరోజు పొద్దున సంచి పట్టుకుని అమ్మ వెనకాల మార్కెట్‌కి వెళ్ళి ఆ గన్ను ఏ అరుగు మీద పెట్టి ఉంటారా అని చూస్తూ నిలబడిపోయాను, అమ్మ నెత్తి మీద ఒక్కటిచ్చింది.

అప్పటి వైజాగ్‌లో ఇదంతా మరీ గాల్లో కట్టిన మేడలా కూడా అనిపించేది కాదు. మన సిపాయిలు శ్రీలంకలో ఉన్నారు, ఆ ముందు ఏడాది ఫిబ్రవరిలో రష్యా నుంచి అద్దెకి తెచ్చిన అణు సబ్‌మెరైన్ ఐఎన్ఎస్ చక్ర మా ఊరికే వచ్చింది, తెల్ల బట్టల నేవీ వాళ్ళు జగదాంబలో సినిమా టిక్కెట్ల లైన్లో మా ముందే నిలబడేవాళ్ళు. ఏ పెద్దాయన్ని కదిపినా ఏదో ఒక రహస్యం చెప్పేవాడు, తొంభై శాతం కోతలే.

లెఫ్టినెంట్ ఒకచోట మా రాస్ హిల్ ఎక్కి అద్దంతో ఎండని తిప్పి అవతల డాల్ఫిన్స్ నోస్ మీదున్న తన మనిషికి సైగ చేస్తాడు. మా హార్బరు దగ్గర మూడు కొండలు పక్కపక్కన ఉంటాయి, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. చర్చి ఉన్నది రాస్ హిల్. నేనూ మా పక్కింటి చంటీ ఇది నిజంగా అవుతుందో లేదో తేల్చేద్దామని నాన్న గడ్డం గీసుకునే అద్దం జేబులో పెట్టుకుని మిట్టమధ్యాహ్నం ఎక్కాం. పై నుంచి చూస్తే కింద ఛానల్, నీళ్ళ మీద నూనె మెరుపు, ఓడల వీపులు, ఎదురుగా కొండ, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు. అద్దం తిప్పాం. వెలుతురు మచ్చ ఒకటి కింద గోడౌన్ల రేకుల మీద పాకుతూ పోయింది, నీళ్ళ మీదికి వెళ్ళగానే మాయమైపోయింది. అవతలి నుంచి ఎవరూ జవాబివ్వలేదు, ఎందుకిస్తారు. పది నిమిషాలు చూసి చంటిగాడు "మనోడు అన్నానికి పోయుంటాడు రా" అన్నాడు. దిగేటప్పుడు మెట్ల మీద అద్దం పగిలింది. నాన్న సాయంత్రం ఏమీ అనలేదు, మర్నాడు పొద్దున సగం గడ్డంతో వచ్చి అప్పుడు అన్నాడు.

కానీ నిజంగా నన్ను భయపెట్టినవి ఆ తుపాకులూ బాంబులూ కాదు. అందులో ఒక క్యూ ఉంటుంది. వాళ్ళు ఊరు పట్టుకున్న ఇరవయ్యో రోజో ఎప్పుడో, మనిషికి అరకిలో బియ్యం ఇస్తామంటే జనం రాత్రే వచ్చి వాళ్ళ వంతు కోసం రాళ్ళు, చెప్పులు, చిరుగు సంచులు లైన్లో పెట్టి గోడవార పడుకుంటారు. అది చదివేటప్పుడు కడుపులో చెయ్యిపెట్టి తిప్పినట్టయింది. ఎందుకంటే మేం కిరసనాయిలుకి సరిగ్గా అదే చేసేవాళ్ళం. డిపో ముందు తెల్లారుజామున మా డబ్బా, దాని మీద గుర్తుకి ఎర్ర దారం. నాకు ఒక్కసారి అనుమానం వచ్చింది, వాళ్ళు ఆల్రెడీ వచ్చేశారా, మనకి ఎవరూ చెప్పలేదా అని. పన్నెండేళ్ళ బుర్ర కదా. నాన్నని అడిగితే "వస్తే రానీ, వాళ్ళైనా రెండు లీటర్లు ఎక్కువిస్తారేమో" అని పేపరు తిరగేశాడు.

ఇంక నీలం ఇంకు గురించి చెప్పాలి. అద్దె పుస్తకాల్లో మార్జిన్ రాతలు మామూలే, "సూపర్", "బోర్", "తర్వాతి పేజీ చించినవాడు పురుగులు పడి పోతాడు", "భయపడకండి హీరో చావడు", ఇలాంటివి. 417లో మాత్రం ఒకాయన, లేక ఒకావిడేమో, నీలం ఇంకు పెన్నుతో గుండ్రటి అక్షరాలతో మొదటినుంచి చివరిదాకా రచయితని సరిదిద్దుకుంటూ వెళ్ళారు. లెఫ్టినెంట్ ఒక సందులోంచి పరిగెత్తి హార్బరు దగ్గర తేలితే పక్కన "ఈ సందులో వెళ్తే హార్బరు రాదు, గోడ వస్తుంది". వానలో జీపు దూసుకుపోతే "ఇంత వానలో ఈ రోడ్డు మీద జీపు కాదు కదా పడవ కూడా కష్టం". రాత్రిపూట ఛానల్ ఈదుతూ "స్ఫటికంలాంటి నీటిని చీల్చుకుంటూ" అని రాస్తే దాని కింద రెండు గీతలు గీసి "ఈయన ఆ నీళ్ళు ఎప్పుడూ చూడలేదు". నాకు కథ కంటే ఆ రాతల మీద ఆసక్తి ఎక్కువైపోయింది, పేజీ తిప్పగానే ముందు మార్జిన్ చూసేవాణ్ణి. మాస్టార్ని అడిగాను ఎవరు రాశారండీ అని. "ఎవడో పనిలేనోడు, దొరికితే రూపాయి కాదు డిపాజిట్ మొత్తం కోసేస్తాను" అన్నాడు.

112వ పేజీలో వాళ్ళు కోటవీధి చుట్టుపక్కల ఇళ్ళన్నీ తగలబెట్టేస్తారు. లెఫ్టినెంట్‌కి ఎవరో అన్నం పెట్టారని. వీధుల పేర్లు వరసగా చెప్పుకుంటూ వెళ్తాడు, నాలుగోది మాది. రాసినాయన ఒక్క లైనులో కాల్చేసి ముందుకెళ్ళిపోయాడు. నేను వేలు అక్కడ పెట్టి ఉండిపోయాను. పక్కన నీలం ఇంకుతో, ఈసారి తప్పు దిద్దడం కాదు, చిన్న అక్షరాలతో ఇలా ఉంది, "మా ఇల్లు కూడా పోయిందన్నమాట".

ఆ పేజీ పట్టుకెళ్ళి తాతకి చదివి వినిపించాను. మా తాతకి అప్పుడు 56 ఏళ్ళు, కళ్ళు బాగానే కనిపించేవి గానీ చదివించుకుని వినడం ఆయనకి సరదా. ముక్కుపొడుం పీల్చుకుంటూ మొత్తం విన్నాడు, వీధులు తగలబడ్డం, జనం కర్రలూ కత్తిపీటలూ పట్టుకుని తిరగబడ్డం, అంతా. విని,

"ఏట్రా గుంటడా, ఊరు ఊరంతా సైన్యంలో సేరిపోనారేటి?" అన్నాడు.

"అవును తాతా, అందరూ పోరాడతారు."

"మరి మేమేటి సేసినామో తెల్సా? పారిపోనాం."

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వచ్చి వైజాగ్ మీదా కాకినాడ మీదా బాంబులేశాయి. అంతకు ముందురోజే, ఈస్టర్ ఆదివారం నాడు, కొలంబో మీద వేశారు. తాతకి తొమ్మిదేళ్ళు. పెద్ద శబ్దం, హార్బరు వైపు పొగ, ఆ తర్వాత వీధిలో ఎవరో "ఎల్లిపోండి ఎల్లిపోండి" అని అరుచుకుంటూ పరిగెత్తడం, ఆయనకి గుర్తున్నది అంతే. పొయ్యి మీద అన్నం అలాగే ఉంది. ఊరు సగం ఖాళీ అయిపోయింది, బళ్ళు దొరికినవాళ్ళు బళ్ళ మీద, లేనివాళ్ళు కాలినడకన. "కొత్తవలస కాడ మా సిన్నమ్మోళ్ళు ఉన్నారు, అక్కడికి ఎల్దారన్నాడు మా అయ్య. మా యమ్మేటంది, గేదిని ఒగ్గీసి నేను రానంది. సూడి గేది అది. ఆ గేదిని తోలుకుని నడిసినాం బాబూ రాత్రంతా. జపానోడు మమ్మల్ని ఏటీ సేయలేదు గానీ ఆ గేది సంపేసింది, ఎక్కడ రైలు కూత ఇనిపిస్తే అక్కడ పొలాల్లోకి ఎగబడిపోయేది, దాని ఎనక మా అయ్య, మా అయ్య ఎనక నేను."

రెండు నెలల తర్వాత తిరిగొస్తే ఇల్లు చెక్కుచెదరలేదు, తలుపుకి వేసిన తాళం కూడా ఎవరూ ముట్టుకోలేదట, కుండలో అన్నం మాత్రం నల్లగా అయిపోయింది. గేదె కొత్తవలసలోనే ఈనింది.

ఇదంతా చెప్పి తాత నన్ను సూటిగా అడిగాడు, "నీ పుస్తకంలో ఒక్కడికైనా గేది ఉందేట్రా?" నేను పేజీలు తిప్పాను. లేదు. జీపులున్నాయి, పడవలున్నాయి, ఒక గుర్రం కూడా ఉంది. గేదె లేదు. "అదీ సంగతి. మరి ఊరు కాలిపోతంటే ఆళ్ళ గేదెలు ఏటయినాయో రాయాలా వద్దా? రాయి అక్కడ." నాకు మాస్టారి రూపాయి కట్ గుర్తొచ్చి వద్దు తాతా అన్నాను. ఆయన వినలేదు. చివరికి పెన్సిల్ అయితే చెరిపెయ్యొచ్చు కదా అని 112వ పేజీలో నీలం ఇంకు కింద సన్నగా రాశాను, "గేదె ఏమైంది?"

ఆ రోజు రాత్రి అన్నాల దగ్గర అమ్మ కూడా మొదలెట్టింది, యుద్ధం ముచ్చట్లు వస్తే మా ఇంట్లో ఎవరూ తగ్గరు. 1971లో అమ్మ ఇంటర్ చదువుతోంది. కిటికీలకి నల్ల కాగితాలు, లారీల హెడ్ లైట్లకి సగం నల్ల రంగు, వీధిలో ఎవరింట్లో వెలుతురు కనిపించినా వార్డెన్ కేకలేసేవాడట. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక ఇందిరా గాంధీ రేడియోలో మాట్లాడిందే, ఆ రాత్రే సముద్రం వైపు నుంచి ఏదో పెద్ద దెబ్బ వినిపించి కిటికీ అద్దాలు గలగలమన్నాయని, అందరూ భూకంపం అనుకున్నారని. తర్వాత తెలిసింది అది ఘాజీ అని, మా ఊరి నోటి దగ్గరే పొంచి ఉన్న పాకిస్తాన్ సబ్‌మెరైన్, అందులో ఉన్న 90 మందికి పైగా మనుషులతో సహా మునిగిపోయింది. మన ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జిల (నీళ్ళ లోపల పేలే బాంబుల) వల్ల అని మనవాళ్ళంటారు, లోపలే ఏదో పేలి మునిగిందని వాళ్ళంటారు. అది ఇప్పటికీ అక్కడే సముద్రం అడుగున ఉంది. దీని మీద తర్వాతెప్పుడో పెద్దయ్యాక చదివితే ఒక ముక్క నన్ను పట్టుకుంది. ఘాజీ వచ్చింది మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్‌ని మనవాళ్ళు అప్పటికే అండమాన్స్ వైపు పంపేసి దాచారు. అది వైజాగ్ దగ్గరే ఉందని శత్రువుని నమ్మించడానికి తూర్పు నౌకాదళం అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ చేసిన పనుల్లో ఒకటి ఏంటంటే, వైజాగ్‌లో కాంట్రాక్టర్లకి పెద్ద ఎత్తున రేషన్, మాంసం, కూరగాయలు ఆర్డర్ పెట్టడం. ఇంత తిండి ఎవరికి, పెద్ద ఓడ వచ్చిందన్నమాట అని గూఢచారులు అనుకోవాలని. చూశారా? 417 రాసినాయనకి కురుపాం మార్కెట్‌లో మెషిన్ గన్ పెట్టాలనిపించింది గానీ అక్కడి కూరగాయలతోనే యుద్ధం చెయ్యొచ్చని తట్టలేదు. తాత వినుంటే, ఆ, ఇందులో గేది ఉంది అనేవాడు.

1997 సెప్టెంబర్ 14, ఆదివారం. పొద్దున్నే హెచ్‌పీసీఎల్ రిఫైనరీ వైపు నుంచి పెద్ద పేలుడు, తర్వాత ఆకాశంలో నల్లటి పొగ, పట్టపగలే సాయంత్రంలా అయిపోయింది. 50 మందికి పైగా చనిపోయారు. మాకు అవేమీ తెలీవు, వీధిలో మాత్రం "ఇంకో ట్యాంకు పేలిపోతుందట, ఊరే ఉండదట" అని ఒకటే పరుగులు. నాకు ఇరవై ఏళ్ళు, డిగ్రీ చదువుతున్నాను, కానీ ఆ క్షణంలో బుర్రలో మెదిలింది 417, లెఫ్టినెంట్ ఇలాంటప్పుడు ఏం చేసేవాడు అని. నాన్న ఏం చేశాడో చెప్తాను. ఆయన స్కూటర్ తీశాడు. అందులో పెట్రోల్ లేదు. ఆ రోజు పెట్రోల్ ఎక్కడ దొరుకుతుంది? వదిలేసి రండి నాన్నా నడుద్దాం అంటే "దీన్ని వదిలేస్తే మళ్ళీ కొనగలమా" అని దాన్ని తోసుకుంటూ కంచరపాలెం దాటి సింహాచలం రోడ్డు దాకా వచ్చాడు, సీటు మీద అమ్మ బీరువాలోంచి తీసిన బట్టల మూట, ముందు తాత మందుల సంచి. జనం మధ్య చెమటలు కక్కుతూ స్కూటర్ తోస్తున్న కొడుకుని చూసి తాత నా భుజం మీద చెయ్యేసి మెల్లిగా అన్నాడు, "అదిగోరా మీ అయ్య గేది".

1999 వచ్చేసరికి నేను హైదరాబాద్‌లో ఉన్నాను. అమీర్‌పేటలో ఒక గదిలో ఐదుగురం, మైత్రీవనం దగ్గర కోబాల్ కోర్సు, ప్రపంచంలో కంప్యూటర్లన్నీ 2000 సంవత్సరం రాగానే పిచ్చెక్కిపోతాయి మనందరికీ ఉద్యోగాలొస్తాయి అని నమ్మకం. ఆ ఏడాది యుద్ధం నిజంగానే వచ్చింది, కార్గిల్. ఒక చిన్న టీవీ ముందు హాస్టల్ మొత్తం కూర్చుని చూశాం. సంవత్సరం కరెక్ట్‌గా చెప్పాడు రా ఆయన, దిక్కు తప్పాడు అని మా రూమ్మేట్స్‌కి చెప్తే ఎవరికీ అర్థం కాలేదు. నా ప్రపంచంలో యుద్ధం అంటే సముద్రంలోంచి రావాలి, అంత మంచులోంచి వస్తే నాకు ఊహకే అందలేదు.

ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్‌ని ఒడ్డుకి లాగి 2002లో మ్యూజియం చేసినప్పుడు తాతని తీసుకెళ్ళాను. ఇసక పక్కన అంత నల్లటి చేప, 417కి అట్ట ఉండుంటే దాని మీద ఇదే బొమ్మ వేసి ఉండేవారు. లోపల గుండ్రటి తలుపుల్లోంచి ఒక కాలు ముందు పెట్టి, తల వంచి దూరాలి. 69 ఏళ్ళ మనిషి ఒక్కొక్క తలుపూ దూరుతూ, సెయిలర్లు పడుకునే అరల్లాంటి మంచాలు చూస్తూ, చివరికి బయటికొచ్చి గాలి పీల్చుకుని "దీన్లో గేది పట్టదు" అన్నాడు. పక్కనున్న గైడ్ ఏంటండీ అన్నాడు. నేను నవ్వాపుకోలేక చచ్చాను. తాత ఆ తర్వాత నాలుగేళ్ళున్నాడు.

హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబర్ 12న వచ్చింది. అదీ ఆదివారమే, ఏంటో మా ఊరికి ఆదివారాలు. గంటకి 180 కిలోమీటర్ల గాలి. మధ్యాహ్నం నుంచి అమ్మావాళ్ళ ఫోన్ కలవలేదు, మూడో రోజు నీళ్ళ క్యాన్లు, కొవ్వొత్తులు, బిస్కెట్లు, రెండు టార్చిలు కారులో వేసుకుని నేనూ మా బావా బయల్దేరాం. ఊళ్ళోకి వస్తుంటే కొండలన్నీ ఎవరో గోకేసినట్టు ఉన్నాయి, ఆకు లేదు, అగ్గి పెట్టినట్టు గోధుమ రంగు. రోడ్ల మీద చెట్లు, కరెంటు స్తంభాలు, హోర్డింగులు, పెట్రోల్ బంకుల దగ్గర మైలు పొడుగు లైన్లు, పాల కోసం ఇంకో లైను. సరిగ్గా పుస్తకంలోలాగే ఉంది అనుకున్నాను, వెంటనే సిగ్గేసింది. రాత్రి పొద్దుపోయాక ఇల్లు చేరాం, వీధంతా కాటుక చీకటి. అమ్మ కొవ్వొత్తి పట్టుకుని తలుపు తీసి "71లో కూడా ఇంత చీకటి లేదురా" అంది. నాన్న కుర్చీలో కూర్చుని ఏదీ జరగనట్టు విసనకర్ర విసురుకుంటున్నాడు.

హైదరాబాద్ వచ్చెయ్యండి, కరెంటు వచ్చాక దిగబెడతాను అన్నాను. నాన్న సరే అన్నాడు. అమ్మ ససేమిరా. ఎందుకే అంటే వెనక వరండాలోకి చూపించింది. పక్కింటివాళ్ళు ఏదో పెళ్ళికి వెళ్తూ వాళ్ళ కుక్కని రెండ్రోజులకి ఒప్పచెప్పి వెళ్ళారట, తుపానులో అక్కడే ఇరుక్కుపోయారు, ఫోన్ లేదు. అమ్మకి జన్మలో కుక్కలంటే పడదు, అది మంచం కింద నుంచి తోక ఆడిస్తోంది. "దీన్ని ఎవరికి ఒప్పచెప్పి రానురా, వాళ్ళొచ్చి అడిగితే ఏం చెప్పను" అంది. నేనూ నాన్నా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇద్దరికీ ఒకే మాట గుర్తొచ్చింది గానీ ఎవరం అనలేదు. ఆ రాత్రి డాబా ఎక్కి డాల్ఫిన్స్ నోస్ వైపు చూద్దామనుకున్నాను, మెట్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. ఎందుకో ధైర్యం చాల్లేదు.

మాస్టారి కొట్టు ఎప్పుడో పోయింది. టీవీలో సీరియల్స్ ఎక్కువయ్యాక అద్దెలు రావడం లేదని 1993లో పుస్తకాలన్నీ కిలోల లెక్కన అమ్మేశాడు, ఆ సందులో తర్వాత ఎస్టీడీ బూత్ వచ్చింది, తర్వాత జెరాక్స్, ఇప్పుడు సెల్ ఫోన్ కవర్లు. హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్ళూ ఆదివారాలు కోఠీ, ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాల గుట్టల్లో వెతికాను, పేరు తెలీని పుస్తకాన్ని ఏమని అడుగుతాం? "లైట్‌హౌస్ ఆరిపోతుందండీ" అంటే ఒకాయన కరెంటు పనుల గైడ్ తీసిచ్చాడు. అట్ట ఉన్న కాపీ దొరికినా నేను గుర్తుపట్టలేకపోవచ్చు, నాకు కావలసింది ఆ కాపీయే కాబట్టి.

అమ్మేసే ముందు నెలలో దాన్ని చివరిసారి అద్దెకి తెచ్చాను. అప్పటికి చాలామంది చేతులు మారినట్టుంది, కేలండర్ కాగితం కూడా చిరిగిపోయి 417లో 4 పోయి 17 మిగిలింది. లైట్‌హౌస్ మళ్ళీ వెలిగే చివరి పేజీ ఉందో లేదో చూసుకున్నాను, ఉంది, ఏడో క్లాసులో దాని మీద పడ్డ నా కన్నీళ్ళ మచ్చ కూడా ఉంది, అది కన్నీళ్ళేనో సాంబారో గట్టిగా చెప్పలేను. తర్వాత 112 తీశాను. వీధుల పేర్లు, మా వీధి, నీలం ఇంకుతో "మా ఇల్లు కూడా పోయిందన్నమాట", దాని కింద నా పెన్సిల్ రాత కొంచెం అలుక్కుపోయి "గేదె ఏమైంది?"

దాని కింద ఎవరో ఎర్ర బాల్ పెన్నుతో గట్టిగా నొక్కి రాశారు, "ఏ గేదె?"